హాస్యం - మనోవ్యథ - మన మౌనం

శరీరానికి జ్వరం వచ్చినప్పుడు ఇల్లంతా మేలుకొంటుంది. ఒకరు నుదుటిపై తడిగుడ్డ వేస్తారు. ఒకరు మందుల కొట్టుకు పరుగెత్తుతారు. ఇరుగుపొరుగు వారు వచ్చి పలకరించి పోతారు. మనస్సుకు జ్వరం వచ్చినప్పుడు మాత్రం అదే ఇల్లు తలుపులు మూసుకొంటుంది. బాధపడేవాడు నోరు విప్పడు. విప్పినా వినేవారు మాట మారుస్తారు. కాలు విరిగిందని చెప్పుకొనుటకు సిగ్గుపడని మానవుడు మనస్సు విరిగిందని చెప్పుకొనుటకు ఏల సిగ్గుపడవలె? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడం విద్యావంతుల బాధ్యత అని మేము భావిస్తున్నాము.

ఈ మౌనాన్ని ఛేదించే సాధనాలలో హాస్యం ఒకటి. ఉపన్యాసం చేయలేని పనిని ఒక్కొక్కప్పుడు ఒక చిన్న చమత్కారం చేస్తుంది. నేటి విద్యార్థులు చేతిలోని ఫోను ద్వారా ఒకరికొకరు పంపుకొనే ‘మీమ్‌’లు ఈ చమత్కారానికి సరికొత్త రూపం. పెద్దలు వీటిని వట్టి కాలహరణమని కొట్టివేయడం, యువకులు వీటితోనే మనస్సులోని భారమంతా దిగిపోయిందని అనుకొనడం - రెండూ మనకు కనిపిస్తున్నవి. రెండూ సరికావు. మనోవ్యథను గూర్చిన సంభాషణకు హాస్యం ఎట్లు దారి తీస్తుంది, ఎక్కడ ఆ దారినే మూసివేస్తుంది అనే విషయాన్ని ఈ వ్యాసంలో వివరించుటకు ప్రయత్నిస్తాము.

మౌనానికి కారణాలు

ముందుగా సమస్య ఎంతటిదో తెలిసికొనుట అవసరం. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో పన్నెండు రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపినది. మన రెండు తెలుగు రాష్ట్రాలు ఆ పన్నెండింటిలో లేవు గాని, అది చెప్పిన పాఠం దేశమంతటికీ సంబంధించినదే. వయోజనులలో నూటికి 10.6 మంది ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలినది. అంతకంటె ఆలోచింపజేసే విషయం మరొకటి ఉన్నది. పెక్కు రుగ్మతలలో, నూటికి 70 నుండి 92 మంది వరకు తగిన చికిత్స పొందడం లేదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసికొన్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. ఈ అంకెలను భయపెట్టుటకు చెప్పడం లేదు. ఇంతమంది బాధపడుచున్నప్పుడు మన చెవులకు ఆ బాధ ఏల వినబడుట లేదని అడుగుటకు చెబుతున్నాము.

ఒక కారణం భాషలోనే ఉన్నది. తెలుగువాడు ‘మనసు బాగోలేదు’ అంటాడు. లేదా ‘తల బరువుగా ఉంది, గుండె దడగా ఉంది’ అంటాడు. మన దక్కనీ ఇండ్లలో ‘దిల్ ఘబ్రా రా’ అంటారు. ఇవి ఎంతో అర్థవంతమైన మాటలే. కాని వీటిని దాటి ఒక్క అడుగు వేస్తే మనకు మిగిలేది ‘పిచ్చి’ అనే ఒక్క పదం. నాలుగు రాత్రులు నిద్ర పట్టని విద్యార్థికీ, ప్రసవానంతరం దిగులుతో ఏడ్చే తల్లికీ, భ్రాంతులతో బాధపడే రోగికీ అదే పదం. గుండె దడకూ పిచ్చికీ నడుమ మాట లేనందున, బాధపడేవాడు గుండె దడ వద్దనే ఆగిపోతాడు.

రెండవ కారణం పరువు. ‘నలుగురికీ తెలిస్తే పిల్లకు సంబంధం రాదు’ అనే భయం అన్ని మతాల, అన్ని కులాల ఇండ్లలోనూ ఒకే తీరుగా ఉన్నది. మూడవది, మానసిక వ్యాధి అనేది ఏదో పట్టణపు నాగరికత తెచ్చిన కొత్త జబ్బు అనీ, మన పెద్దలు దీనిని ఎరుగరనీ అనుకొనడం. ఇది చరిత్రకు విరుద్ధం. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు అరబ్బీ భాషలో శరీరారోగ్యాన్నీ మానసికారోగ్యాన్నీ ఒకే గ్రంథంలో వివరించినాడు. తెలిసిన కారణం వల్ల కలిగే దుఃఖం వేరనీ, కారణం కానరాక శరీరతత్త్వం వల్ల కలిగే దుఃఖం వేరనీ ఆయన విభజించినాడు. కావున మనస్సుకు వ్యాధి వస్తుందని ఒప్పుకొనడం మనకు పరాయి సంప్రదాయం కాదు.

మీమ్ అనగా నేమి?

ఇట్టి మౌనం మధ్య మన విద్యార్థులు తమకు తామే ఒక భాషను కల్పించుకొన్నారు. అదే మీమ్. ఈ పదాన్ని మొదట కల్పించినవాడు రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త. 1976లో ప్రచురించిన తన గ్రంథంలో, అనుకరణ అనే అర్థమిచ్చే గ్రీకు ధాతువు నుండి ఆయన దీనిని తయారు చేసినాడు. ఒక పాట, ఒక పలుకుబడి, ఒక వేషం ఒకరి నుండి ఒకరికి అంటుకొని సమాజంలో వ్యాపించే తీరుకు ఆయన పెట్టిన పేరిది. నేడు ఆ పేరు ముఖ్యంగా రెండు పంక్తుల మాటలతో కూడిన హాస్యచిత్రానికి నిలిచిపోయినది.

పేరు కొత్తదే గాని పని పాతదే. ముల్లా నసీరుద్దీన్ కథలు టర్కీ నుండి మన గల్లీల వరకు ఎవరి మాటల్లో వారు చెప్పుకొంటూ నడచి వచ్చినవి. వాటిలో ఒకటి పాఠకులకు తెలిసే ఉంటుంది. ముల్లా దీపస్తంభం క్రింద తాళంచెవి వెదకుచుండగా, ‘ఎక్కడ పోయింది?’ అని అడిగినవారికి ‘ఇంట్లో పోయింది, అక్కడ చీకటి, ఇక్కడ వెలుతురు ఉన్నది గనుక ఇక్కడ వెదకుచున్నాను’ అంటాడు. పిల్లవాడు దిగులుగా ఉంటే మనం ఫోనులోనో, స్నేహితులలోనో, మార్కుల జాబితాలోనో కారణం వెదకుతాము. అక్కడ వెలుతురు ఉన్నది. వాడి మనస్సులో చీకటి గనుక అటు పోము. ఇదే మాటను ‘తల్లిదండ్రులారా, మీరు తప్పు చోట వెదకుచున్నారు’ అని చెబితే కోపం వస్తుంది. ముల్లాచేత చెప్పిస్తే నవ్వు వస్తుంది. ఆ వెనుక ఆలోచన వస్తుంది.

మీమ్ చేసే పని కూడా అదే. అందరికీ తెలిసిన ఒక ముఖం కావలె. తెలుగువారికి బ్రహ్మానందం గారి ముఖం ఇందుకు తరగని గని అయినది. ఆశ్చర్యం, దిగ్భ్రమ, నిస్సహాయత, గడుసుదనం, ఏ భావం కావలసినా అందులో దొరుకుతుంది. పైన ఒక పంక్తి, క్రింద ఒక పంక్తి. పైన ‘ఎట్లున్నావు బేటా?’ అని అడిగిన తల్లి మాట ఉన్నదనుకొందము. క్రింద మూడు రాత్రులుగా నిద్ర లేని ముఖం, దాని నోట ‘బాగున్నానమ్మా’ అనే జవాబు. పై పంక్తికీ క్రింది ముఖానికీ నడుమ ఉన్న దూరమే హాస్యం. ఆ దూరమే ఆ విద్యార్థి ఎవరికీ చెప్పని నిజం కూడా.

నవ్వు చేసే మేలు

నవ్వు మనస్సుపై పని చేసే తీరును పెక్కుమంది పరిశీలించినారు. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1905లో చమత్కారాన్ని గూర్చి ఒక గ్రంథమే వ్రాసి, సంఘం నిషేధించిన భావాలు హాస్యమనే ముసుగులో బయటికి రాగలుగుతాయని వివరించినాడు. నాజీల నిర్బంధ శిబిరాల నుండి బయటపడిన విక్టర్ ఫ్రాంక్ల్ అనే వియన్నా వైద్యుడు 1946లో ప్రచురించిన తన అనుభవాలలో ఒక విచిత్రమైన విషయం చెప్పినాడు. శిబిరంలో తనతో కూలి పని చేసిన ఒక మిత్రునితో ఆయన ఒప్పందం చేసికొన్నాడు. విడుదలైన తరువాత జరుగబోయేదాన్ని ఊహించి దినానికి ఒక్క హాస్యకథయినా కల్పించుకొనవలెనని. ఆకలి పోలేదు, చలి పోలేదు. కాని ఆ కొద్ది క్షణాలు వారు తమ బాధకు కొంచెం ఎడంగా నిలువగలిగినారు.

ఈ ‘ఎడం’ అనేదే హాస్యం ఇచ్చే మొదటి మేలు. రెండవది, తోడు. 2011లో రాబిన్ డన్‌బార్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి చేసిన ప్రయోగాలలో, మనసారా నవ్విన తరువాత మనుషులు శారీరకమైన నొప్పిని మునుపటికంటె ఎక్కువగా ఓర్చుకొనగలిగినారు. నవ్వు మనుషులను కలిపి ఉంచుటకు పుట్టిన బంధమని వారి అభిప్రాయం. మూడవ మేలు, పేరు లేని బాధకు రూపం కల్పించడం. అమెరికా రచయిత్రి ఆలీ బ్రాష్ తన తీవ్రమైన నిరాశావ్యాధిని పిల్లల గీతల వంటి బొమ్మలతో వర్ణించి 2013లో పుస్తకంగా ప్రచురించినది. అందులో ఆమె ఒక పోలిక వాడినది. ‘నా చేపలు చచ్చిపోయినవి’ అని ఒకడు చెబుతుంటే, చుట్టూ ఉన్నవారు ‘పోనీ, వెదకుదాం రా, ఎక్కడో ఉండే ఉంటాయి’ అని ఉత్సాహపరుస్తారట. సంతోషించే శక్తే నశించినవానికి ‘సంతోషంగా ఉండు’ అని సలహా ఇవ్వడం ఎంత నిరర్థకమో ఇంతకంటె సులభంగా చెప్పలేము. నిరాశావ్యాధి లక్షణాలను పట్టిక వేసి చెప్పే పాఠం కంటె ఈ చచ్చిన చేపలే చదువరికి గుర్తుండిపోతాయి.

ఇక మీమ్‌లనే తీసికొని పరిశోధించినవారూ ఉన్నారు. ఇంగ్లండులోని షెఫీల్డ్ హాలమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, దిగులును చిత్రించే మీమ్‌లను నిరాశా లక్షణాలు గలవారికీ లేనివారికీ చూపించినారు. లక్షణాలు గలవారికి అవి ఇతరులకంటె ఎక్కువ హాస్యంగా, తమ స్థితికి దగ్గరగా, ఇతరులకు పంపదగినవిగా తోచినవి. పెద్దలకు వికారంగా కనిపించే ఆ బొమ్మ బాధపడేవానికి ‘నీవు ఒక్కడివే కావు’ అనే పలకరింపు కావచ్చునన్న మాట. ఇది చిన్న అధ్యయనమే. మీమ్ చికిత్స అని ఇది నిరూపించలేదు. అయినా మన విద్యార్థి తెల్లవారుజామున ఒక దిగులు బొమ్మను ఎందుకు పంపినాడో అర్థం చేసికొనుటకు ఇది ఉపకరిస్తుంది.

మన సాహిత్యం ఈ సత్యాన్ని ఏనాడో గ్రహించినది. ముక్కుపచ్చలారని పిల్లలను ముసలివారికి అమ్మే దురాచారం ప్రతి వీథిలోనూ ఉండి, ఎవరూ నోరెత్తని కాలంలో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం వ్రాసినాడు. 1892లో విజయనగరంలో అది మొదట ప్రదర్శింపబడినది. గిరీశాన్ని చూసి నవ్విన ప్రేక్షకుడు బుచ్చమ్మ బ్రతుకును గూర్చి ఆలోచించకుండా ఇంటికి పోలేడు. అట్లే దక్కనీ భాషలో సులేమాన్ ఖతీబ్ గారు ముషాయిరాలలో చదివిన కవితలు కడుపుబ్బ నవ్విస్తూ మొదలై కంటనీరు తెప్పించేవి. హైదరాబాదులో 1968లో ‘షగూఫా’ అనే ఉర్దూ హాస్యపత్రిక ప్రారంభమైనది. పేదరికాన్ని, కట్నాన్ని, ముసలితనాన్ని, ఇంటి పోరును నవ్వుతూ మాట్లాడుకొనుట మనకు అలవాటే. మనస్సులోని చీకటిని కూడా ఆ జాబితాలో చేర్చుటయే ఇప్పుడు మిగిలిన పని.

రెండంచుల కత్తి

అయితే ప్రతి నవ్వూ మేలు చేయదు. ‘నవ్వు నాలుగు విధాల చేటు’ అని మన పెద్దలు ఊరకే అనలేదు. కెనడాకు చెందిన మనస్తత్వశాస్త్రవేత్త రాడ్ మార్టిన్, ఆయన సహచరులు 2003లో హాస్యాన్ని నాలుగు విధాలుగా విభజించినారు. నలుగురినీ దగ్గరకు చేర్చే హాస్యం ఒకటి. కష్టంలో తన ధైర్యాన్ని తాను నిలుపుకొనే హాస్యం రెండవది. ఇతరులను గాయపరచే హాస్యం మూడవది. నలుగురి మెప్పు కొరకు తనను తాను కించపరచుకొనే హాస్యం నాలుగవది. మొదటి రెండూ మనస్సుకు బలమిస్తాయి. చివరి రెంటిని గూర్చి మనం జాగ్రత్తగా ఉండవలె.

గాయపరచే హాస్యానికి దృష్టాంతం కొరకు దూరం పోనక్కరలేదు. హైదరాబాదులో ‘ఎర్రగడ్డ’ అన్నా, విశాఖపట్నంలో ‘చినవాల్తేరు’ అన్నా జనం నవ్వుతారు. అక్కడ మానసిక వైద్యశాలలు ఉన్నవి. ఎన్నో కుటుంబాలకు ఊరటనిచ్చే వైద్యశాలల ఊరి పేరును తిట్టుగా మార్చిన ఘనత మన హాస్యానిదే. ‘వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలిరా’ అని తరగతిలో ఒకడు అంటాడు, అందరూ నవ్వుతారు. ఆ నవ్వేవారిలో ఒకని అన్న అక్కడే చికిత్స పొందుచున్నాడేమో! ఆ విద్యార్థి కూడా అందరితో పాటు నవ్వి, ఇంటి సంగతి ఇక ఎన్నటికీ ఎవరికీ చెప్పరాదని ఆ క్షణంలో నిశ్చయించుకొంటాడు. మన చలనచిత్రాలలో చాలా కాలంగా వస్తున్న ‘పిచ్చాసుపత్రి’ హాస్య సన్నివేశాలు చేసిన పని ఇదే. ఇది తలుపు తెరిచే నవ్వు కాదు, గడియ వేసే నవ్వు.

నాలుగవ రకం మరింత సూక్ష్మమైనది. తనపై తాను వేసుకొన్న చమత్కారం వినయంగా కనిపిస్తుంది, నలుగురినీ నవ్విస్తుంది. కాని ‘నేను దేనికీ పనికిరాను’ అనే మాటను దినానికి పదిసార్లు హాస్యంగా చెప్పేవాడు దానిని పదిసార్లు తన చెవులతో తానే వింటున్నాడు. తరగతిలో అందరికంటె ఎక్కువగా నవ్వించే విద్యార్థి అందరికంటె సంతోషంగా ఉన్నాడని అనుకొనరాదు. వానిని గూర్చి ఎవరూ ఆందోళన చెందరు గనుక వానికి ప్రమాదం ఎక్కువ.

పరీక్షల కాలంలో ఈ రకం హాస్యం మృత్యువు వరకు పోతుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్ది దినాలలోనే ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసికొన్నట్లు పత్రికలు వ్రాసినవి. ఇట్టి మరణానికి ఒక్క కారణం ఉండదని, పెక్కు బాధలు కలిసి అక్కడికి నెట్టుతాయని వైద్యులు చెబుతారు. అయినను, ఫలితాల నాడు విద్యార్థులు పంపుకొనే ‘ఇక చచ్చిపోవడమే’ అనే చమత్కారాలను ఆ సంవత్సరం తరువాత తేలికగా తీసికొనుట తగదు. వాటిలో నూటికి తొంబదితొమ్మిది వట్టి పరిహాసమే అనుకొందము. మిగిలిన ఒక్కటి ఏదో మనకు చూపుతో తెలియదు. అడిగితేనే తెలుస్తుంది.

కావున ఒక చమత్కారం మంచిదా చెడ్డదా అని తేల్చుకొనుటకు మూడు ప్రశ్నలు చాలునని మేము అనుకొంటున్నాము. నవ్వుతున్నది ఎవరు? ఎవరి మీద? నవ్విన తరువాత మిగిలేది ఏమిటి? బాధపడేవాడు తన బాధ మీద తానే నవ్వి, వెంట ఇతరులను పిలిచినచో అది సంభాషణకు ఆహ్వానం. బాధ లేనివాడు బాధపడేవాని మీద నవ్వినచో అది అవమానం. ఎవరు నవ్వినా, నవ్వు ముగిసిన వెంటనే అందరూ లేచిపోయినచో అది తప్పించుకొనుట.

నవ్వు తరువాత మాట

హాస్యం మాటకు మొదటి మెట్టు. చివరి మెట్టు కాదు. రెండవ మెట్టు వేయవలసినవాడు బొమ్మ పంపినవాడు కాదు, అందుకొన్నవాడు. ఒక ఉదాహరణ చూద్దాము. రాత్రి ఒంటిగంటకు ఒక మిత్రుని వద్ద నుండి ఒక మీమ్ వచ్చినది. దాని మీద ‘సప్లిమెంటరీ ఫీజు కంటె కఫన్ చవక’ అని ఉన్నది. అందుకొన్న విద్యార్థి మూడు విధాలుగా జవాబివ్వవచ్చును. పగలబడి నవ్వే బొమ్మలు నాలుగు పంపి నిద్రపోవచ్చును. ‘ఏం మాటలురా అవి, నోరు మూసుకొని చదువు’ అని మందలించవచ్చును. లేదా ఇట్లు వ్రాయవచ్చును: ‘నవ్వొచ్చిందిరా. కాని నిజంగానే అట్లా అనిపిస్తోందా? ఫోన్ చేయమంటావా?’

మొదటి జవాబు వినలేదు. రెండవది విన్నది గాని తలుపు మూసినది. మూడవది నవ్వును ఒప్పుకొన్నది, ఆపై నిజాన్ని అడిగినది. ‘లేదురా, ఊరికే పంపినా’ అని అతడు అంటే నష్టమేమీ లేదు. అడిగే మనిషి ఒకడున్నాడని అతనికి తెలిసినది. ‘నాలుగు రోజులుగా అదే ఆలోచన’ అని అంటే, ఆ ప్రశ్న ఒక ప్రాణాన్ని నిలిపినదేమో!

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. ‘చావు మాట ఎత్తితే లేని ఆలోచన కల్పించినట్లు అవుతుంది’ అని పెద్దలు భయపడతారు. ఈ విషయంపై జరిగిన పరిశోధనలను సమీక్షించి 2014లో ప్రచురించిన ఒక వ్యాసం, అట్లు అడుగుట వల్ల ఆత్మహత్యా భావాలు పెరిగినట్లు ఆధారం లేదని తేల్చినది. నేరుగా, నెమ్మదిగా, నిందించకుండా అడుగుట క్షేమం. అడిగిన తరువాత చేయవలసినవి కొన్నే. మధ్యలో సలహా ఇవ్వకుండా వినవలె. ‘ఇంతకంటె కష్టపడినవారు లేరా’ అని పోల్చరాదు. ప్రాణాపాయం ఉన్నదని తోచినప్పుడు అతనిని ఒంటరిగా విడువరాదు. ‘ఎవరికీ చెప్పను’ అని ప్రమాణం చేయరాదు. ఇంటి పెద్దలలో గాని, అధ్యాపకులలో గాని ఒకరిని వెంటనే పిలువవలె.

మిత్రుడు వైద్యుడు కాడు, కానక్కరలేదు. వైద్యుని వరకు చేయి పట్టుకొని నడిపించుటే మిత్రుని పని. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, అంటే ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, ‘టెలి మానస్’ అనే ఉచిత టెలిఫోన్ సేవను ప్రారంభించినది. 14416 అనే సంఖ్యకు పగలైనా రాత్రి అయినా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందడం ప్రతి పౌరుని హక్కు అన్నది. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా భావించవలెనే గాని శిక్షించరాదని కూడా ఆ చట్టం చెబుతున్నది. చట్టమే దండం దించినప్పుడు మనం నాలుకతో దండించుట న్యాయం కాదు.

కళాశాలలో చేయదగినది

ఇంతవరకు చెప్పినది ఆచరణలో పెట్టుటకు పెద్ద ధనం అక్కరలేదు. కెనడాలోని వాంకూవర్ నగరంలో డేవిడ్ గ్రానిరర్ అనే హాస్యనటుడు 2004లో ఒక శిక్షణ ప్రారంభించినాడు. మానసిక వ్యాధిని అనుభవించినవారికే రంగస్థల హాస్యం నేర్పి, వారి కథను వారిచేతనే నలుగురి ముందు చెప్పించుట దాని పద్ధతి. ప్రేక్షకులు రోగిని చూసి నవ్వరు, రోగితో కలిసి నవ్వుతారు. విభక్తి ఒక్కటే మారినది. దానితో అంతా మారినది.

మనకు తగిన రూపం గోడపత్రిక అని మా అభిప్రాయం. నెలకు ఒకసారి తెలుగు, ఉర్దూ విద్యార్థులు కలిసి పరీక్ష భయం, నిద్రలేమి, ఇంటి మీద బెంగ, ఉద్యోగపు దిగులు మొదలైన విషయాలపై మీమ్‌లు, వ్యంగ్యచిత్రాలు, దక్కనీ లతీఫాలు తయారుచేసి అంటించవచ్చును. నియమాలు నాలుగు చాలు. ఏ వ్యక్తినీ గుర్తుపట్టేటట్లు వేయరాదు. వ్యాధి పేరును తిట్టుగా వాడరాదు. చావును ఉపాయంగా చూపరాదు, దాని విధానాన్ని బొమ్మలోగాని మాటలోగాని తేరాదు. ప్రతి పత్రిక అడుగున 14416 సంఖ్యా, ఆ నెల మాట్లాడుటకు అందుబాటులో ఉండే అధ్యాపకుని లేదా అధ్యాపకురాలి పేరూ, వేళా ఉండవలె. ఈ చివరి నియమం లేనిదే మిగిలినవన్నీ వ్యర్థం. నవ్వించి తలుపు తెరిచిన తరువాత లోపల ఎవరూ లేకపోతే, వచ్చినవాడు మరల తలుపు తట్టడు. విద్యార్థినులకు ప్రత్యేకంగా ఒక అధ్యాపకురాలు ఉండుట కూడా అవసరం. ఇంటిలో చెప్పరాని మాట బయట పురుషునితో చెప్పుట వారికి ఇంకా కష్టం.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశ పరీక్షకు చదువుచుండగా మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెప్పుతూ, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చినది. నూరుగురు లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల సలహాదారును కనీసం ఒకరిని నియమించవలెనని అందులో ఉన్నది. చిన్న సంస్థలు బయటి మానసిక నిపుణులతో సంబంధం పెట్టుకొనవలెనన్నది. గోడపత్రిక నడుపుట విద్యార్థుల వంతు. ఆ సలహాదారునికి ఒక గది, ఒక కుర్చీ, తలుపుకు ఒక తెర ఏర్పాటు చేయుట కమిటీ వంతు. పుస్తకాలు, ప్రయోగశాల, క్రీడామైదానం ఎంత అవసరమో ఆ గది కూడా అంత అవసరమని గుర్తించవలసినదిగా కోరుచున్నాము. పేద కుటుంబాల నుండి, ఇంటిలో కళాశాల ముఖం చూసిన మొదటి తరం నుండి వచ్చే మన విద్యార్థులలో పెక్కుమందికి బయట ఫీజు చెల్లించి మానసిక నిపుణుని చూచే స్తోమత లేదన్న సంగతి కమిటీ వారికి మేము చెప్పనక్కరలేదు.

విద్యార్థినీ విద్యార్థులకు ఒక్క మాట. మీరు నవ్వండి, నవ్వించండి. మీ హాస్యాన్ని ఆపమని ఈ వ్యాసం చెప్పడం లేదు. దానికి ఒక ప్రశ్నను జోడించమంటున్నది. మీ మిత్రుడు పంపిన బొమ్మను చూచి నవ్విన తరువాత, తదుపరి బొమ్మకు వేలు జరుపక ముందు, ‘నీవెట్లున్నావు?’ అని అడగండి. ‘బాగున్నా’ అని వెంటనే జవాబు వస్తే, కొంచెం ఆగి మరల ఒకసారి అడగండి. మన మర్యాదలో మొదటి జవాబు ఎప్పుడూ ‘బాగున్నా’ యే. నిజమైన జవాబు తరచు రెండవసారి అడిగినవారికే దక్కుతుంది.